బుడ్డోడి జొరం గురించి అమ్మకు

లెస్టర్, ఇంగ్లండ్

అమ్మా,

ఈ ఉత్తరం తిరుపతి చేరేసరికి బుడ్డోడి జొరం తగ్గిపోయే ఉంటుంది. అయినా రాస్తున్నా. ఫోన్లో చెబితే నాన్నతో మాట్లాడుతూ సగమే వింటావు.

మొన్న తమ్ముడు 100.8 ఉందంటుంటే వెనకాల నీ గొంతు వినిపించింది, "కిటికీ మూయండ్రా, కంబళి కప్పండి" అని. కప్పొద్దమ్మా. పల్చటి నూలు చొక్కా చాలు. వణికితే దుప్పటి కప్పి, వణుకు తగ్గగానే తీసేయండి. ఐసునీళ్ళ గుడ్డ కూడా వేయొద్దు, వణుకు పుట్టిందంటే ఒళ్ళు ఇంకా కాగుతుంది.

నుదుటి మీద చెయ్యి పెట్టి చెప్పడం కాదు, చంకలో థర్మామీటరు పెట్టి చూడాల. 100.4 చేరితే జొరం లెక్క. అంకె చూసి మాత్రం హడలిపోవద్దు. ఇక్కడి డాక్టర్లు ముందు అడిగేది పాలు తాగుతున్నాడా, ఆడుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా అనే. 101లోనూ బొమ్మ కారు తోసుకుంటూ ఇల్లంతా తిరిగేవాడికి మందుకు తొందర లేదు. జొరం తక్కువే అయినా లేపితే లేవకుండా సోలిపోతుంటే అదీ భయం.

అసలు సంగతి మందు. పోయినసారి నేను ఫ్రిజ్ మీద పెట్టి వచ్చిన పారాసిటమాల్ సీసా 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములది. మన మెడికల్ షాపుల్లో 250ది కూడా ఇస్తారు. వాడు 10 కిలోలు కదా, ఒక మోతాదుకి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. 250ది అయితే 3 ఎంఎల్, 120ది అయితే 6. సీసా మారిందని చూసుకోకుండా పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. టీ స్పూనుతో కాదు, సిరంజితో కొలవండి. రోజుకి నాలుగుసార్లకి మించొద్దు, మధ్యలో కనీసం ఆరు గంటలుండాల. వానాకాలం డెంగీ రోజులు, పక్కింటివాళ్ళిచ్చే ఐబుప్రొఫెన్ వేస్తే రక్తస్రావం భయం. ఆస్పిరిన్ పిల్లలకి అసలే వద్దు.

అన్నం తినలేదని వెంటపడొద్దు. గంజి, మజ్జిగ, ఏదో ఒకటి కొంచెం కొంచెంగా తాగితే చాలు.

దిష్టి తీయి, తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకో, నేనేం వద్దనను. కానీ మూడు రోజులైనా తగ్గకపోయినా, ఎగశ్వాస, ఫిట్స్, ఒంటి మీద ఎర్ర మచ్చలు కనిపించినా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా రుయా ఆసుపత్రికి తీసుకుపోండి. పిన్ని మనవరాలికి ఇంకా మూడు నెలలు నిండలేదు, దానికి 100.4 వచ్చినా ఇంట్లో పెట్టుకోకుండా అప్పుడే తీసుకుపొమ్మని చెప్పు.

ఆదివారం వీడియో కాల్‌లో ఇంట్లో ఉన్న సీసాలన్నీ చూపించమను తమ్ముణ్ణి. చదివి చెబుతా.

నీ కూతురు