కొత్త కాఫీ గింజ ఎప్పుడు, ధర ఎందుకింత: మా ఖాతాదారులకు

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి విజయవాడ సత్యనారాయణపురంలోని మా కొట్టుకు వచ్చేవాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. కొత్త గింజ ఎప్పుడొస్తుంది? ధర ఎంత పెంచుతారు? గల్లా దగ్గర ఒక్కొక్కరికీ సగం సగం జవాబు చెప్పడం కంటే అందరికీ కలిపి రాయడం మేలనిపించింది. చదివే ఓపిక లేనివాళ్ల కోసం అసలు సంగతి ముందే చెబుతున్నాను. పాత గింజ అయిపోవచ్చింది. కొత్తది మార్చి నెలాఖరుకు గానీ దిగదు. అచ్చమైన కాఫీ పొడి కిలోకు నూట ఇరవై రూపాయలు పెరుగుతుంది. ఈలోపు ఎక్కడి గింజో తెచ్చి మన్యం పేరుతో అమ్మే ఉద్దేశం మాకు లేదు.

చాలామంది మాది అరకు కాఫీ అంటారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే ముద్ర, వచ్చాక మన్యంలో పండిన ప్రతి గింజకూ బజారులో అదే పేరు స్థిరపడింది. మేము తెచ్చేది చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు కొండల నుంచి. అల్లూరి సీతారామరాజు జిల్లాయే గానీ అరకు లోయ కాదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్ల మీదికే పాకించిన మిరియాల తీగలు, ఇంటికి ఎకరమో రెండెకరాలో తోట. మన వాళ్లు ఊహించుకునే పెద్ద ఎస్టేటు అక్కడ కనిపించదు.

కాఫీ పళ్లు ఒక్కసారిగా పండవు. ఒకే కొమ్మ మీద ఎర్రపండు పక్కనే పచ్చికాయ ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి పండినవి మాత్రమే కోయాలి. కోసిన రోజే మరలో వేసి తోలు తీయాలి, జిగురు వదిలేదాకా ఉంచి కడగాలి, ఆ తర్వాత ఎండబోయాలి. అలా ఎండినది పార్చ్‌మెంట్. తోలు తీయకుండా పండును పండుగానే ఎండబెడితే చెర్రీ అంటారు, దానికి ధర తక్కువ. ఆరు కిలోల పళ్లకు సుమారుగా కిలో పచ్చి గింజ తేలుతుంది. వేయించేటప్పుడు మళ్లీ ఆరో వంతు దాకా తూకం పోతుంది. మీ ఇంటికి కిలో పొడి చేరాలంటే కొండవాలు మీద ఎవరో ఏడు కిలోల పళ్లు వంగి, నిక్కి కోసి ఉండాలి.

ఈ డిసెంబరులో జరిగింది ఒకటి చెబుతాను. మాకు గింజ ఇచ్చే ఒక ఊళ్లో, కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఒక రైతు కోడలికి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. ముందుగానే గర్భిణుల వసతి గృహానికి పంపుదామనుకున్నారు గానీ కోతల హడావుడిలో రేపు, ఎల్లుండి అంటూ జరిగిపోయింది. ఆ ఊరికి వాహనం రాదు. వెదురు కర్రకు దుప్పటి కట్టి డోలీ చేశారు. ముందొకరు, వెనకొకరు మోస్తారు. భుజం లాగేయగానే మరో ఇద్దరు అందుకుంటారు. అందుకని డోలీ కదిలితే ఊళ్లో మగవాళ్లంతా దాని వెంట కదలాల్సిందే. వాగు దగ్గర కర్రను నెత్తికెత్తుకుని దాటించారు. తారురోడ్డు ఎక్కాక అంబులెన్స్ అందింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

ముందురోజు పొద్దుపోయేదాకా కోసిన పళ్లు మాత్రం గోనెసంచుల్లోనే ఉండిపోయాయి. మర తిప్పాల్సినవాళ్లంతా డోలీ వెంట వెళ్లారు. తిరిగొచ్చి సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, గుప్పుమని పులిసిన వాసన. ఇక పార్చ్‌మెంట్‌కు పనికిరావు కాబట్టి తోలుతోనే ఎండబెట్టారు. ఆ సరుకు మేమే తీసుకున్నాం. పార్చ్‌మెంట్ ధర ఇవ్వలేదు, ఇచ్చే స్తోమత మాకు లేదు. చెర్రీ ధర మీద కొంచెం కలిపి ఇచ్చాం. ఆ పొడి సంగతి చివర్లో చెబుతాను.

రోడ్లు వేయడం లేదా అని అడుగుతారు. వేస్తున్నారు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఉంది. 2025 ఏప్రిల్‌లో ‘అడవితల్లి బాట’ పేరుతో గిరిజన గూడేలకు రోడ్లు వేసే పనులకు డుంబ్రిగుడ మండలం పెదపాడులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు. పెద్ద రోడ్డు బాగుపడితే ఘాట్ దిగే లారీకి సుఖం. మా సంచి ఆ లారీ దాకా రావాలి కదా. అది ఇప్పటికీ గుర్రం వీపు మీదో, మనిషి నెత్తి మీదో వస్తోంది. రవాణా ఖర్చులో మాకు చేయి కాలేది ఆ నాలుగైదు కిలోమీటర్ల దగ్గరే. దాని ముందు చింతపల్లి నుంచి విజయవాడకు లారీ కిరాయి చౌక.

‘సరుకు ఎంతవరకు వచ్చిందో ఒక్క ఫోను చేసి కనుక్కోండి’ అని కొందరు విసుక్కుంటున్నారు. ఊళ్లో సిగ్నల్ ఉండదు. ఎవరైనా గట్టు మీదికి ఎక్కాలి, లేదా సంతకు దిగాలి. అందుకే వారానికోసారి తప్ప మా దగ్గరా కొత్త కబురు ఉండదు. బీసెంట్ రోడ్డులో జామకాయల బండికి కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతున్న రోజుల్లో ఇది నమ్మబుద్ధి కాదు గానీ, మా లెక్కలు ఇంకా సంతలో నోట్లతోనే తెగుతున్నాయి.

సంత అంటే మన వాళ్లకు సెలవుల్లో ఫోటోలు తీసుకునే చోటు. కొండ మీది రైతులకు మాత్రం ఏడాది బతుకు తేలేది అక్కడే. సీతాఫలాలు, అనాసలు కావిడి లెక్కన బేరమాడతారు. ఆ కావిడి ఎన్ని కిలోలు తూగుతుందో కొనేవాడికి బాగా తెలుసు. వానాకాలంలో చేతిలో డబ్బు ఆడనప్పుడు షావుకారు అప్పిస్తాడు, పంట తనకే అమ్మమంటాడు, ధర కూడా తనే చెబుతాడు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది ఈ పట్టు వదిలించడానికే. ఆ సంస్థ కాఫీకి ఇంత ఇస్తామని ప్రకటించాక బయటి వర్తకుడు మరీ కిందికి అడగలేడు. మాలాంటి చిన్న కొట్టువాళ్లం దాని మీద ఎంతో కొంత వేస్తే తప్ప గింజ మా దాకా రాదు. నిరుడు ఆగస్టులో మేము కూడా కొంత సొమ్ము ముందుగా ఇచ్చాం. వడ్డీ లేదు, ధర కోతల నాటిదే. ఆ సొమ్ము మేము బ్యాంకులో వడ్డీకే తెచ్చాం. పెరిగిన నూట ఇరవైలో ఒక వాటా అదీ.

ఇంకో వాటా బ్రెజిల్‌ది. అక్కడి కరువు వల్ల 2025 ఫిబ్రవరిలో ప్రపంచ మార్కెట్‌లో అరబికా రకం కాఫీ ధర ఎన్నడూ లేనంత పైకి వెళ్లింది. ఆ కబురు సంతకు చేరడానికి ఎన్నో రోజులు పట్టలేదు. చేరాలి కూడా. ధర పడిపోయిన ఏళ్లలో కోత కూలి కూడా గిట్టలేదని వాళ్లు మొత్తుకుంటే మనలో ఒక్కరం కూడా కిలోకు పది రూపాయలు ఎక్కువిస్తామని అనలేదు.

పురుగు గురించి కూడా అడుగుతున్నారు. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు, అంటే బెర్రీ బోరర్, బయటపడింది. రెండు మిల్లీమీటర్లయినా ఉండని నల్ల పురుగు. కాయకు రంధ్రం చేసి లోపలికి దూరి గింజలోనే గుడ్లు పెడుతుంది, పైన కొట్టిన మందు దానికి సరిగా అందదు. పట్టిన కాయలు తెంపి, మరిగే నీళ్లలో ముంచి పాతిపెట్టాలి. చెట్టు కింద రాలినవి ఒక్కటి మిగలకుండా ఏరాలి. మా రైతుల తోటల్లో ఇప్పటిదాకా కనిపించలేదు. అయినా ఒకరి సంచి ఇంకొకరి తోటకు వెళ్లకుండా కొత్త గోనెసంచులు పంపాం. ఇక్కడ కూడా తెల్లగుడ్డ మీద గింజ పరిచి, సన్నటి బెజ్జం ఉన్నవి ఏరి పారేస్తున్నాం. గుమ్మం పక్కన చాప వేసుకుని కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు చేసే పని అదే. పప్పులో రాళ్లు ఏరుతున్నారా అని వాళ్లను అడగకండి, ఇప్పటికే విసిగిపోయారు.

‘ఇన్ని తిప్పలెందుకు, అక్కడే రెండెకరాలు కొనుక్కోరాదా’ అనే సలహా నెలకొకటైనా వస్తుంది. కొనరాదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారదు, అమ్మేవాడు ఇష్టపడి అమ్మినా చెల్లదు. అది ఉండబట్టే ఆ ఎకరమైనా వాళ్లకు మిగిలింది. బినామీ దారులు చెప్పేవాళ్లకు కాఫీ పోసి పంపేస్తున్నాను.

మిగతా సరుకుల సంగతి. మిరియాలు కొత్తవి కాఫీతో పాటే వస్తాయి. కొండ పసుపు ఇంకా తవ్వుతున్నారు, ఉడికించి ఎండాక వస్తుంది. తొందరున్నవాళ్లకు దుగ్గిరాల పసుపు మన పక్కనే ఉంది, అది మంచి సరుకే. కొండచీపుళ్లు వచ్చే నెల దిగుతాయి. మొదటి కొన్ని రోజులు పొడి రాలుతుంది, అది చీపురు లక్షణం. నాలుగు దెబ్బలు గోడకేసి దులిపి వాడండి, వెనక్కి మాత్రం తేకండి. అడ్డాకుల విస్తళ్లు పెళ్లిళ్లకు కావాలంటే నెల ముందు చెప్పాలి. తేనె ఈసారి లేదు.

ఉన్న పాత గింజ నెలవారీ ఖాతావాళ్లకు మాత్రమే, ఇంటికి అరకిలో చొప్పున. కొత్తవాళ్లు మన్నించాలి. చికోరీ కలిపిన పొడిలో పాళ్లు మార్చలేదు. ధర పెరిగిందని చికోరీ పెంచే పద్ధతి మా దగ్గర లేదు, ఆ పొడికి కూడా ధరే పెరుగుతుంది. డిసెంబరు చెర్రీ పొడి విడిగా, తక్కువ ధరకు పెట్టాం. డికాక్షన్ చిక్కగా దిగుతుంది, వెనకాల కాస్త పులిసిన పండు వాసన వస్తుంది. మా నాన్నగారు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు, నేను రోజూ అదే తాగుతున్నాను. యాభై గ్రాముల పొట్లం ఊరికే ఇస్తాం, ఇంట్లో కాచుకుని చూశాకే కొనండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి మర ఆపేస్తాం. డబ్బా తెచ్చుకునేవాళ్లు తడి లేకుండా తుడిచి తీసుకురండి.