సభ్యుల సంఘం వార్షిక నివేదిక: మన సిబ్బంది వారమంతా ఏం చేస్తారు?

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన క్రయోనిక్స్ సంస్థ పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి అడిగిన ప్రశ్నతో ఈ నివేదిక మొదలుపెడుతున్నాను. "సిబ్బంది ప్రతి వారం పంపే నోటులో ఎప్పుడూ అవే మాటలు. నైట్రోజన్ నింపాం, లెవెల్ చూశాం, ఫైళ్లు సర్దాం. పేషెంట్లు వచ్చేది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజుల్లో వీళ్లకు పనేముంటుంది?" అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. చందా కట్టే మనిషికి అడిగే హక్కుంది. అందుకే ఈసారి లెక్కల సంగతి వెనక్కి జరిపి, వారం పని గురించే రాయమని కమిటీ నాకు చెప్పింది. వీలైనప్పుడల్లా వెళ్లి సిబ్బంది వెంట తిరిగాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. చట్టప్రకారం మరణించారని డాక్టరు ధ్రువీకరించాక, ఆ శరీరాన్ని, కొందరి విషయంలో తలను మాత్రమే, వీలైనంత త్వరగా చల్లబరిచి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచడమే క్రయోనిక్స్. అలా దాచినవాళ్లనే మనం పేషెంట్లు అంటాం. ఎప్పటికైనా వైద్యం అంత ఎదిగితే తిరిగి బతికించవచ్చని ఆశ. ఇంతవరకు అలా దాచిన మనిషిని ఎవరూ బతికించలేదు. మనిషిదాకా ఎందుకు, ఒక ఎలుకను ఆ చలిదాకా తీసుకెళ్లి లేపినవాళ్లు కూడా లేరు. ఇది జరిగే పని కాదనే శాస్త్రవేత్తలే ఎక్కువ. ఈ మాట మన దరఖాస్తులో మొదటి పేజీలోనే ఉంది. అయినా మళ్లీ రాయాల్సి వస్తోంది, ఎందుకంటే ఈ మధ్య చేరిన ఒకరు గ్యారంటీ కార్డు ఎప్పుడిస్తారని నిజంగానే అడిగారు.

నైట్రోజన్

పేషెంట్లు ఉండే పెద్ద స్టీలు పాత్రలను డ్యూవార్లు అంటాం. ఇంట్లో వేడినీళ్లు పోసుకునే ఫ్లాస్కు లాంటివే: రెండు గోడలు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ. 1892లో ఇలాంటి పాత్రను తయారుచేసిన జేమ్స్ డ్యూవార్ పేరే దీనికి వచ్చింది. పశువుల ఆసుపత్రిలో వీర్యం దాచే క్యాన్ చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఇది మనిషి నిలువునా పట్టేంత పెద్దది, అంతే.

చూడటానికి వచ్చేవాళ్లంతా మొదట అడిగేది "కరెంటు పోతే ఎలా?" అని. పోతే ఏమీ కాదు. చల్లగా ఉంచేది మోటారు కాదు, లోపలున్న ద్రవమే. కాకపోతే అది రోజూ కొంచెం కొంచెం ఆవిరైపోతుంటుంది. పోయినంతా మళ్లీ నింపాలి. ట్యాంకరు రావాలి, గొట్టం తగిలించాలి, వాల్వులు చూడాలి, ఎంత పట్టిందో రాయాలి. సిబ్బంది నోటులో ఇదంతా కలిపి "నైట్రోజన్ నింపాం" అన్న రెండు మాటలు.

పేషెంట్లను డ్యూవార్‌లో తలకిందులుగా ఎందుకు పెడతారని చాలామంది కుటుంబసభ్యులు బాధగా అడుగుతుంటారు. ఎప్పుడైనా ద్రవం తగ్గిపోతే ముందు పాదాలు బయటపడాలి, తల ఆఖరిదాకా మునిగి ఉండాలి. అందుకు.

లెవెల్ చూడటానికి సెన్సర్లున్నాయి. స్క్రీను మీద అంకెలు కనబడుతూనే ఉంటాయి. అయినా మన సీనియర్ టెక్నీషియన్ వారానికోసారి మూత కాస్త పక్కకు జరిపి పొడవాటి చెక్క కర్ర ఒకటి లోపలికి దించుతారు. చేతులకు వదులుగా ఉండే మందపాటి గ్లవ్స్. వదులు ఎందుకంటే, లోపలికి చుక్క పడితే ఒక్క విదిలింపుతో ఊడిపోవాలి. కర్ర దిగగానే కాగే నూనెలో పిండి పడ్డట్టు కాసేపు చప్పుడు. మరుగు ఆగేదాకా ఆగి, కర్ర పైకి లాగి గాలిలో రెండుసార్లు ఊపుతారు. మునిగినంత మేరా తెల్లగా మంచు పడుతుంది. ఆ తెలుపు ఎక్కడ ఆగిందో అక్కడ వేలు ఆనించి అంకె చదివి, నోటుపుస్తకంలో పెన్సిలుతో రాస్తారు. తర్వాతే స్క్రీను వైపు చూస్తారు. ముందు స్క్రీను చూస్తే కన్ను ఆ అంకెనే వెతుక్కుంటుందని ఆవిడ మాట.

నాకు ఇది పాతకాలపు చాదస్తంలా అనిపించిన మాట నిజం. ఈ ఏడాది ఒక వారం స్క్రీను నిండుగా ఉందని చూపించింది, కర్ర మాత్రం బాగా కిందికి చూపించింది. సెన్సర్ వైరు వదులైంది. ప్రమాదం అనేంత దూరం పోలేదు, అదే రోజు నింపేశారు. ఆ తర్వాత నేను చాదస్తం అనడం మానేశాను.

ఇంకో సంగతి గాలిది. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే ఇంచుమించు 700 లీటర్ల వాయువవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గదిలో అది పెరిగితే ఆక్సిజన్ తగ్గుతుంది, మనిషికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, ఉన్నట్టుండి పడిపోతాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. మన గదిలో 19.5కి దిగగానే అలారం మోగుతుంది. ఒక రాత్రి మోగింది. అందరికీ ఫోన్లు వెళ్లాయి, అందరూ పరిగెత్తుకొచ్చారు, వచ్చి తలుపు బయటే నిలబడ్డారు. ఫ్యాన్లు వేసి, చేతి మీటరుతో చూసి, రీడింగు సరిగా ఉందని తేలాకే లోపలికి అడుగుపెట్టారు. లీకేమీ లేదు, సెన్సర్ వయసైపోయింది, మార్చాల్సిన తేదీ దాటింది. ఆ తప్పు మనదే. అలారం తప్పుడుదని ఖాయంగా తెలిసినా లోపలికి పరిగెత్తకూడదన్న నియమాన్ని మాత్రం ఎవరూ తప్పలేదు. ఇలాంటి చోట్ల పోయే ప్రాణాల్లో పడినవాడిని లాగడానికి వెళ్లినవాడిదే ఎక్కువసార్లు రెండోది.

నింపడం మానేస్తే

ఈ పని ఎంత విసుగో చెప్పాను కదా. మానేస్తే ఏమవుతుందో మన రంగం చరిత్రలోనే ఉంది. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే అధ్యాపకుడిని కాలిఫోర్నియాలో చల్లబరిచారు. క్రయోనిక్స్ పద్ధతిలో భద్రపరిచిన మొదటి మనిషి ఆయనే. తర్వాతి ఏళ్లలో అదే కాలిఫోర్నియాలో ఛాట్స్‌వర్త్ అనే చోట ఒక శ్మశానంలోని భూగర్భ గదిలో మరికొందరిని ఉంచారు. కుటుంబాల నుంచి డబ్బు రావడం ఆగింది. నైట్రోజన్ నింపడం ఆగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. 1979లో బయటపడేసరికి తొమ్మిది శరీరాలు పాడైపోయి ఉన్నాయి. వ్యవహారం కోర్టుకెక్కింది. బెడ్‌ఫర్డ్ శరీరం మాత్రం ఎన్నో చేతులు మారి, కుటుంబం పట్టుదల వల్ల నిలిచి, చివరికి ఆల్కార్ అనే అమెరికా క్రయోనిక్స్ సంస్థకు చేరింది. 1991లో కొత్త డ్యూవార్‌లోకి మార్చినప్పుడు తెరిచి పరీక్షించారు, ఇంకా గడ్డకట్టే ఉంది.

ఆ రెండు కథల మధ్య తేడా సైన్సులో లేదు. అప్పటి పద్ధతులు రెండుచోట్లా మొరటువే. ఒకచోట డబ్బు పోసేవాళ్లు, నైట్రోజన్ పోసేవాళ్లు ఉన్నారు, ఇంకోచోట లేరు. అప్పటినుంచి ఈ రంగంలో ముందే పూర్తి సొమ్ము తీసుకోవడం, పేషెంట్ల సొమ్మును సంస్థ ఖర్చుల నుంచి విడదీయడం మొదలైంది. ఆల్కార్ 1997లో ఇందుకోసమే వేరే ట్రస్టు పెట్టింది. మన దగ్గరా పేషెంట్ల నిధి విడిగానే ఉంది. ఈ ఏడాది జీతాలకు ఇబ్బందైన నెలలోనూ దాన్ని ముట్టుకోలేదు. ఆడిటరు రిపోర్టు ఆఫీసులో ఉంది, ఏ సభ్యుడైనా వచ్చి చదువుకోవచ్చు.

తాతగారు

వారంలో ఒక పూట డ్రిల్లు, అంటే సభ్యుడు మరణించిన వెంటనే చేయాల్సిన పనికి రిహార్సల్. దానికో బొమ్మ ఉంది, సిబ్బంది దాన్ని "తాతగారు" అంటారు. తాతగారిని మడత తొట్టిలో పడుకోబెట్టి బస్తాల కొద్దీ ఐసు పోస్తారు. చిన్న పంపుతో ఆ చల్లటి నీటిని ఒంటి మీద తిప్పుతూ ఉంటారు, ఎందుకంటే కదలని ఐసు కన్నా కదిలే నీళ్లు వేడిని తొందరగా లాగుతాయి. ఛాతీ మీద యంత్రం పెట్టి నొక్కిస్తారు. బతికించడానికి కాదు, చల్లటి రక్తం, మందులు మెదడుదాకా వెళ్లడానికి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చినట్టు రాసుకుంటారు. ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతిదానికీ సమయం పైకి చదువుతారు.

ఈ హడావుడంతా ఎందుకంటే, గుండె ఆగాక నాలుగైదు నిమిషాలకే మెదడు కణాల్లో నష్టం మొదలవుతుంది. ఒళ్లు చల్లబడ్డకొద్దీ ఆ వేగం తగ్గుతుంది.

మొదటి డ్రిల్లు చూసి నేను బాగా జరిగిందనుకున్నాను. తర్వాత తప్పుల పట్టిక చదివారు. ఛాతీ యంత్రం రెండో బ్యాటరీ ఛార్జింగు లేదు. మందుల పెట్టెలో ఒక సీసా గడువు దాటింది. ఐసు తెచ్చే బాధ్యత ఇద్దరిదీ అనుకోవడంతో ఎవరూ తేలేదు, ఒకరు పరిగెత్తాల్సి వచ్చింది. మర్నాటి నుంచి పెట్టె తాళానికే ఒక అట్ట వేలాడుతోంది. దాని మీద ఎవరు ఏం చూశారో సంతకంతో సహా ఉంటుంది.

అంత సాధన ఉన్నా ఈ ఏడాది ఒక కేసులో మనం ఓడిపోయాం. సభ్యురాలు ఉన్న ఆసుపత్రికి మన కాగితాలు ముందే ఇచ్చాం. మరణం ధ్రువీకరించిన వేళకు డ్యూటీ మారింది, కొత్తగా వచ్చినవాళ్లకు ఆ ఫైలు సంగతి తెలియదు. వాళ్ల పద్ధతి ప్రకారం మార్చురీకి పంపేశారు. మన బృందం బయట ఐసుతో నిలబడి ఉంది. అనుమతి వచ్చేసరికి గంటలు గడిచాయి. వాళ్లను తప్పుపట్టలేను, వాళ్ల నియమాలు వాళ్లవి. కానీ ఫైలు ఇచ్చి ఊరుకోకూడదని, ప్రతి షిఫ్టులో ఒక మనిషికి ముఖాముఖి చెప్పాలని నేర్చుకున్నాం. ఆ కుటుంబానికి జరిగింది జరిగినట్టు చెప్పాం. ఆవిడ రికార్డులోనూ అలాగే రాసి ఉంది.

గాజు, పగుళ్లు

పరిశోధన గురించి మన సిబ్బంది చేసేది తక్కువ, చదివేది ఎక్కువ. నీరు గడ్డకడితే స్ఫటికాలు ఏర్పడి కణాలను చీలుస్తాయి. అందుకే రక్తం స్థానంలో గడ్డకట్టనివ్వని ద్రావణాలు ఎక్కించి, ఐసు ఏర్పడకుండా గాజులా గట్టిపడేలా చేస్తారు. దీన్నే విట్రిఫికేషన్ అంటారు. కాకపోతే గాజుకి గాజు కష్టాలే: సుమారు మైనస్ 120 కన్నా కిందికి వెళ్లేటప్పుడు ఒత్తిడికి పగుళ్లు వస్తాయి. కంప్యూటరు పెట్టి రోజుల తరబడి మెల్లగా చల్లబరిచేది వాటిని తగ్గించడానికే. పూర్తిగా ఆపడం ఇంకా ఎవరికీ చేతకాలేదు.

2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుక మూత్రపిండాలను ఇలా 100 రోజుల వరకు దాచి, ఐరన్ ఆక్సైడ్ నానో కణాల (కంటికి కనబడనంత చిన్న రేణువుల) సాయంతో లోపలా బయటా సమానంగా వేడిచేసి, మళ్లీ ఎలుకల్లో అమర్చి పనిచేయించారు. సంతోషించాల్సిన వార్తే. ఒక కిడ్నీకి, మనిషికి మధ్య దూరం ఎంతో మాత్రం మరిచిపోవద్దు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపులో కొందరు మరిచిపోయారు.

కాగితాలు

నేను అసలు ఊహించనిది ఇది. సిబ్బంది సమయంలో పెద్ద భాగం ఫోన్ల మీదే పోతుంది. భద్రపరిచే ఖర్చు కోసం తీసుకున్న బీమా పాలసీ ఆగిపోయిందా, నామినీ ఎవరు, పెళ్లయ్యాక మార్చారా, ఇల్లు మారాక చిరునామా పంపారా, ఇంట్లోవాళ్లకు అసలు చెప్పారా. ఈ చివరిదానికి సమాధానం చాలాసార్లు "ఇంకా లేదండీ, సమయం చూసి చెబుతాను" అనే వస్తుంది.

2016లో ఇంగ్లండులో క్యాన్సర్‌తో ఉన్న ఒక 14 ఏళ్ల అమ్మాయి తనను ఇలా భద్రపరచాలని కోరుకుంది. వీలునామా రాసే వయసు కాదు. తల్లి ఒప్పుకుంది, తండ్రితో పేచీ వచ్చింది. చివరికి హైకోర్టు న్యాయమూర్తి నిర్ణయం చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయి తీర్పు విని, తర్వాత కన్నుమూసింది. పెద్దవాళ్లమైన మనకు అంత దూరం పోయే అవసరం లేదు. ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే చాలు, కష్టమైన సాయంత్రమే అనుకోండి.

కాబట్టి సభ్యులను కోరేవి ఇవి. పర్సులో ఉంచుకునే కార్డు మీద ఫోను నంబరు ఇప్పటికీ పనిచేస్తుందో లేదో ఈ వారమే ఒకసారి ఫోన్ చేసి చూడండి. బీమా రసీదు కాపీ పంపండి. పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే ముందే చెప్పండి, అయ్యాక చెబితే మా వల్ల ఏమీ కాదు. డ్రిల్లుకు వచ్చి చూడాలనుకునేవాళ్లు ఆఫీసులో పేరివ్వండి. ఐసు మోసేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

తాతగారి మోకాలి కీలు ఊడిపోయి ప్రస్తుతం మరమ్మతులో ఉన్నారు. అప్పటిదాకా తొట్టిలో పడుకోవడానికి, ఐసు లేకుండానే లెండి, ఒక మనిషి కావాలని అడిగాం. పోయిన సమావేశంలో ప్రశ్న వేసిన పెద్దాయనే ముందుకొచ్చారు. ఆఫీసుకు వచ్చి పొడవు కొలిపించుకుని వెళ్లారు. తొట్టి సరిపోతుంది.

ఇట్లు,
కార్యదర్శి,
సభ్యుల సంఘం