ఓడిన ఓటుకీ సభలో చోటుండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. సింగపూర్ ఎన్నికల మాటెత్తితే మన దగ్గర చాలామంది ‘అక్కడెప్పుడూ ఆ పార్టీయే కదా, చూడ్డానికేముంది’ అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. 2025 మే 3న అక్కడ పోలింగ్ జరిగినప్పుడు మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. వాళ్లుండేది టాంపినీస్‌లో. లిఫ్టు దిగి బయటికొస్తే దీపస్తంభాలకి వరసగా పోస్టర్లు, కొన్నింటి మీద మెరుపు గుర్తు, కొన్నింటి మీద సుత్తి. ఫలితాల రాత్రి ఎదురింటి పెద్దావిడ గ్రిల్లు వేసుకుని, తలుపు మాత్రం బార్లా తీసి టీవీ ముందు కూర్చుంది. టాంపినీస్ లెక్క వచ్చింది. పాలక పీపుల్స్ యాక్షన్ పార్టీకి 52 శాతం, వర్కర్స్ పార్టీకి 47. ఆవిడ కాసేపు అలాగే చూసి, టీవీ కట్టేసి, తలుపు వేసుకుంది. ఎవరికి ఓటేసిందో నేనడగలేదు.

ఆ 47 శాతానికి ఒక్క సీటూ రాలేదు. ఐదుకి ఐదూ పాలక పార్టీకే. అక్కడ చాలా నియోజకవర్గాల్లో నలుగురైదుగురు జట్టుగా పోటీ చేస్తారు, గెలిచిన జట్టుకే సీట్లన్నీ. జట్టులో ఒకరైనా మైనారిటీ జాతివాళ్లు ఉండాలన్న షరతుతో, వాళ్లకి సభలో చోటు దక్కాలని 1988లో తెచ్చిన పద్ధతి ఇది. ఉద్దేశం మంచిదే. కానీ చిన్న పార్టీకి ఒకేచోట ఐదుగురు గట్టి అభ్యర్థులు దొరకాలంటే ఎంత కష్టం! మొత్తం 97 సీట్లలో 87 పాలక పార్టీకి, 10 వర్కర్స్ పార్టీకి వచ్చాయి. ఓట్లు చూస్తే పాలక పార్టీకి 65.6 శాతం. వర్కర్స్ పార్టీ నిలబడిందే 26 సీట్లకి, అక్కడ పడిన ఓట్లలో దాదాపు సగం దానివే. సీట్లు మాత్రమే చూస్తే ఈ సంగతి కనపడదు.

1959 నుంచీ అక్కడ ఒకే పార్టీ పాలన. 1968 నుంచి 1981 దాకా అయితే పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యుడు ఒక్కడూ లేడు. 1981లో వర్కర్స్ పార్టీ నేత జయరత్నం ఉప ఎన్నికలో గెలిచి ఆ మౌనం పోగొట్టారు. 1984లో ఇంకో ఏర్పాటు చేశారు: ప్రతిపక్షం నుంచి తగినంతమంది గెలవకపోతే, ఓడినవాళ్లలో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్నవాళ్లని సభకి తీసుకోవాలి. ఇప్పుడా కనీస సంఖ్య 12. అందుకే పోయినసారి గెలిచిన పదిమందికి తోడు మరో ఇద్దరు వెళ్లారు. వర్కర్స్ పార్టీని నడిపిన లో తియా కియాంగ్ ఈ సీట్లని చెరువు మీద తేలే నాచుతో పోల్చారు. నియోజకవర్గం లేని సభ్యుడికి జనంలో వేళ్లుండవన్న ఆయన బాధ నాకర్థమైంది. అయినా లేచి మంత్రిని ప్రశ్న అడగడానికి ఒక మైకైతే ఉంటుంది కదా.

మన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి కూడా 39 శాతమే, సీట్లు మాత్రం 11. రెండుసార్లూ పదిమంది ఓటర్లలో సుమారు నలుగురు అటువైపు ఉన్నారు. ప్రతిపక్ష హోదాకి పదోవంతు సీట్లుండాలా వద్దా అని మనవాళ్లు వాదించుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఎవరు గెలిచారన్నదాన్ని బట్టి వాదన మారిపోతోంది. సీట్లతో పాటు ఓట్ల శాతాన్నీ చూసి హోదా, మాట్లాడే సమయం ఇచ్చేలా సభ నియమాల్లోనే రాసుకుంటే ఈ గొడవ ఉండదు. హోదా వచ్చినా రాకపోయినా ప్రతిపక్షం సభకి వెళ్లి తీరాలి. మా తెనాలిలో కాలవ నీళ్ల గురించో, పింఛను గురించో అడగాల్సిన మనిషి ఇంట్లో కూర్చుంటే మేం ఎవరికి చెప్పుకోవాలి?

అసెంబ్లీ వచ్చే సమావేశాల్లో అన్ని పార్టీలూ కూర్చుని ఈ నియమం సంగతి తేల్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి