తడబడే చోటు

చిన్నీ,

నీ దగ్గర వయొలిన్ నేర్చుకునే పాప రోజూ గంటసేపు వాయిస్తున్నా ముందుకు సాగడం లేదని, వాళ్లమ్మకి ఏం చెప్పాలో తెలీక టెన్షన్‌గా ఉందని రాశావు. గంట సంగతి వదిలెయ్. ఆ గంటలో పాప ఏం చేస్తోందో పక్కన కూర్చుని చూడు.

నా అంచనా ఇదీ: పాట మొదటి నుంచి ఎత్తుకుంటుంది, మూడో వరస మధ్యలో తడబడుతుంది, మళ్లీ మొదటికి పోతుంది. అంటే వచ్చిన భాగమే పదేపదే వాయిస్తూ, రాని చోటును ప్రతిసారీ తప్పుగానే వాయిస్తోంది. చేతికి ఆ తప్పే అలవాటైపోతుంది. ఆ నాలుగు స్వరాలే విడిగా తీసి సగం వేగంలో వాయించమను. తప్పు వేలిదా, కమానుదా అన్నది అప్పుడే బయటపడుతుంది. సరిగ్గా పలికాక వాటికి ముందున్న రెండు స్వరాలు, తర్వాత వచ్చే రెండు స్వరాలు కలుపు. చాలామంది పిల్లలు ఆ అతుకు దగ్గరే మళ్లీ జారతారు.

తప్పెక్కడో నువ్వు చెప్పకు. "ఎక్కడ తేడాగా వినిపించింది?" అని అడిగి ఊరుకో. (ఊరుకోవడం నీకు కష్టమే, నా పోలికే కదా.) దానికి తెలియకపోతే ఫోన్‌లో రికార్డు చేసి వినిపించు. వారంలో ఎక్కువ రోజులు నువ్వు పక్కన ఉండవు. దాని తప్పు దాని చెవికే తెలియాలి.

పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా విద్వాంసులవుతారనే లెక్క వాళ్లమ్మ ఎత్తితే కంగారు పడకు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద రాసిన పరిశోధనా వ్యాసం నుంచి వచ్చిన మాట అది. అందరికంటే బాగా వాయించేవాళ్లు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి చేసిన సాధనకు అది సగటు మాత్రమే. అన్ని గంటలు పూర్తిచేస్తే విద్వాంసులైపోతారని అందులో ఎక్కడా లేదు.

నాకు అంతకంటే నచ్చింది ఆయన 1980లో ప్రచురించిన ప్రయోగం. వరసగా చదివిన అంకెలను విని తిరిగి చెప్పాలి. ఒక కాలేజీ కుర్రాడు ఏడు అంకెలతో మొదలై, ఏడాదిన్నర పైగా సాధన చేసి 79 దాకా వెళ్లాడు. పరుగు పందేలాడేవాడు కాబట్టి అంకెలను పందెం టైమింగులుగా విడగొట్టి గుర్తుపెట్టుకునేవాడు. అంకెలు మార్చి అక్షరాలు ఇస్తే మాత్రం ఆరు దగ్గరే ఆగిపోయాడు! దేన్ని సాధన చేస్తే అదే వస్తుంది. మొదటి పాఠాలైన సరళీ వరసలు గడగడా వాయించే పిల్ల పాటలో తడబడితే బద్ధకమని అనుకోకు.

ఇంకొకటి. క్లాసు చివర్లో బాగా పలికిందని మురిసిపోకు, అప్పటికి చెయ్యి వేడి మీద ఉంటుంది. మర్నాడు పెట్టె తెరవగానే మొదటిసారి ఎలా వాయించిందో అదే లెక్క.

ప్రస్తుతానికి ఇరవై నిమిషాలు చాలు, పాప ధ్యాస తప్పితే అంతకంటే ముందే ఆపేయమను. వాళ్లమ్మ ఒప్పుకోకపోతే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

అమ్మ