ట్రెడ్‌మిల్ అడిగితే ఇకమీదట వెంటనే ఇవ్వను

మా షాపు కస్టమర్లందరికీ నమస్కారం. అమలాపురంలో వ్యాయామ సామాన్ల షాపు పెట్టి తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో పండగ ఆఫర్ల గురించి తప్ప మీకు ఇంకేమీ రాయలేదు. ఈసారి మనసులో పెట్టుకోలేని విషయం ఒకటి ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పోయిన నెల ముమ్మిడివరం దగ్గర ఒక ఊరికి సర్వీసుకి వెళ్లాను. రిటైరైన మాష్టారి ఇల్లు. రెండేళ్ల కిందట వాళ్లబ్బాయి మస్కట్ నుంచి ఫోన్ చేసి, "నాన్నగారికి సుగరొచ్చింది, మంచి ట్రెడ్‌మిల్ పంపండి" అంటే ఆ సాయంత్రమే ఆటో ఎక్కించి పంపేశాను. ఇల్లు చూడలేదు, ఆయన్నీ చూడలేదు. ఇప్పుడు వెళ్లేసరికి మెషీన్ వీధి వరండాలో, వానజల్లు కొట్టే మూల ఉంది. మోటారు మూత విప్పితే చీమలు పెట్టిన మట్టి, సర్క్యూట్ బోర్డు మీద ఎండిపోయిన బల్లి. బెల్టు కింది చెక్క చెమ్మ పీల్చుకుని ఉబ్బిపోయింది. వేలితో నొక్కితే అంచు పొట్టులా రాలింది. బెల్టు పట్టేస్తోందని ఎవరో చెబితే కొబ్బరినూనె పోశారట. అది దుమ్ముతో కలిసి జిగురైపోయింది. ఆ బెల్టుకి సిలికాన్ ఆయిలే వాడాలని నేను చెప్పి ఉండాల్సింది.

"వాడుతున్నారా మాష్టారూ?" అని అడిగాను. "ఆయ్, మెషీన్ మంచిదేనండి. ఎక్కితే నాకే కాళ్లు తడబడుతున్నాయి" అన్నారు. వాళ్లావిడ టీ తెచ్చి ఇచ్చి, "ఒకసారి పడబోయారు బాబూ, అప్పట్నుంచి దాని జోలికెళ్లలేదు" అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

ఉన్నమాట చెప్పేస్తాను. ఒక ట్రెడ్‌మిల్ అమ్మితే మిగిలేది, నెలంతా డంబెల్స్ అమ్మినా మిగలదు. అందుకే ఎవరొచ్చి ఏమడిగినా ముందు ట్రెడ్‌మిల్లే చూపించేవాడిని. మాష్టారికి కావాల్సింది అది కాదు. ఇంటి ముందే కాలవ గట్టు ఉంది, పొద్దున్నే చల్లగా నడవచ్చు. ఆయనకి తక్కువైంది కాళ్లలో బలం, నిలకడ. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి ఒక మోస్తరు వ్యాయామం చేయాలనీ, 2 రోజులైనా కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయాలనీ, 65 దాటినవాళ్లు పడిపోకుండా ఉండటానికి వారానికి 3 రోజులు నిలకడ వ్యాయామాలు కూడా చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడకంటే అందరికీ తెలుసు. రెండోదీ మూడోదీ మనవైపు ఎవరూ పట్టించుకోరు. ఆయనకి ఒక గట్టి కుర్చీ, రెండు కిలోల డంబెల్స్ జత, ఒక రబ్బరు మ్యాట్ ఇచ్చి, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం నేర్పించాను. మెషీన్ వెనక్కి తీసుకుని, వచ్చిన రేటు వాళ్లబ్బాయికి పంపాను.

కాబట్టి ఈ నెల నుంచి మా పద్ధతి మారుతోంది. ట్రెడ్‌మిల్ కావాలంటే ముందు రెండు వారాలు మా షాపులో ఉన్నదాని మీదే నడవండి, ఒక్క రూపాయి తీసుకోను. రోజూ వచ్చారంటే ఇంట్లోనూ వాడతారు. నాలుగు రోజులకే మానేస్తే మీ డబ్బులు మీ దగ్గరే ఉంటాయి. ఆ తర్వాత మీ ఇంటికొచ్చి మెషీన్ పెట్టే చోటు చూస్తాను. ఎర్తింగ్ సరిగ్గా ఉందా, దగ్గర్లో 16 ఆంపియర్ల ప్లగ్ ఉందా, సాయంత్రం పూట వోల్టేజీ పడిపోతుందా చూస్తాను. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి నడుపుతామంటే అమ్మను. గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల వాళ్లయితే మేడ మీద గదిలోనే పెట్టుకోండి. 2022 జూలై వరదలో కింది గదుల్లో ఉన్న మెషీన్లు ఏమయ్యాయో నా కళ్లతో చూశాను.

ట్రెడ్‌మిల్ డబ్బా మీద మోటారు బలం 4 హెచ్‌పీ అని పెద్ద అక్షరాలతో ఉంటే మోసపోకండి. అది చాలాసార్లు పీక్ లెక్క, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగే బలం. ఆపకుండా ఎంత ఇస్తుందో, అంటే కంటిన్యూయస్ హెచ్‌పీ ఎంతో అడగండి. నన్నూ అడగండి.

ఎక్కువమంది ఇళ్లకి ముందు కావాల్సినవి డంబెల్స్, మ్యాట్, ఒక బెంచీ. బెంచీ ఎంత బరువు మోస్తుందో చూసేటప్పుడు మీ ఒంటి బరువూ, చేతిలో బరువూ రెండూ కలిపి లెక్కేసుకోండి. రాడ్డూ ప్లేట్లూ వేరువేరు చోట్ల కొంటే బొక్కల సైజు కలవక ఇబ్బంది పడతారు. ఒలింపిక్ రాడ్డు చివర 50 మిల్లీమీటర్ల లావుంటుంది, మామూలు ఇంటి రాడ్డు దాదాపు 28 ఉంటుంది.

మన కోనసీమకి ఇంకో బాధ ఉంది, తుప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి క్రోమ్ పూత ఒకటి రెండు వానాకాలాల్లోనే పొక్కిపోవడం చూస్తున్నాను. అక్కడివాళ్లకి ఇకమీదట రబ్బరు పూత ఉన్న డంబెల్సే ఇస్తాను. కిలోకి కొంచెం ఎక్కువైనా నయం. చెమట పట్టిన రాడ్డుని అలాగే వదలకుండా పొడిగుడ్డతో తుడవండి. సాగదీసే రబ్బరు బ్యాండ్లని కిటికీ ఎండలో వేలాడదీయకండి, పగుళ్లొచ్చి చేస్తుండగా తెగి మొహానికి కొడతాయి.

ఆడపిల్లలకి బరువులెందుకండీ అని అడిగే అమ్మలకి ఒక మాట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి గారు మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఆవిడ మన శ్రీకాకుళం బిడ్డే. మీ అమ్మాయి అంత ఎత్తక్కర్లేదు, మూడు కిలోలతో మొదలుపెట్టనివ్వండి. దసరాకి చెడీ తాలింఖానా, అదే కర్రసాము, కత్తిసాము చూసి చప్పట్లు కొట్టే ఊరు మనది, ఇంట్లో పిల్ల డంబెల్ పట్టుకుంటే కంగారెందుకు?

ఇప్పటికే నా దగ్గర ట్రెడ్‌మిల్ కొన్నవాళ్లు ఫోన్ చేయండి. ఇంటికొచ్చి మూత విప్పి శుభ్రం చేసి, బెల్టుకి ఆయిల్ వేసి వెళ్తాను, డబ్బులు వద్దు. వాడటం లేదంటే మొహమాటపడకుండా చెప్పండి. ఉన్న స్థితిని బట్టి రేటు కట్టి వెనక్కి తీసుకుంటాను, లేదా బదులుగా వేరే సామాను ఇస్తాను. ఈ శనివారం రాజోలు, మలికిపురం వైపు వస్తున్నాను. ఆదివారం అంబాజీపేట, పి.గన్నవరం. వచ్చేలోగా మెషీన్ మీద ఆరేసిన బట్టలు తీసి ఉంచండి, మెయిన్ స్విచ్ కట్టేసి ఉంచండి.