మెనింజైటిస్ రెండోసారి ఎందుకొచ్చిందో వెతకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం. ఇక్కడే హైదరాబాద్‌లో మా అక్క కొడుక్కి బ్యాక్టీరియల్ మెనింజైటిస్ (బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు) రెండోసారి వస్తే, యాంటీబయాటిక్స్ ఇచ్చి జ్వరం తగ్గాక పంపేశారు, మళ్లీ ఎందుకొచ్చిందో ఎవరూ వెతకలేదు. పుట్టుకతోనే లోపలి చెవి సరిగ్గా ఏర్పడకపోయినా, ఎప్పుడో దెబ్బ తగిలి పుర్రె అడుగున చీలిక మిగిలిపోయినా, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకో చెవిలోకో కారొచ్చు, అదే దారిన న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా లోపలికి పోతుంది. ఆ దారి మూయకుండా ఎన్ని మందులిస్తే ఏం లాభం? వెన్ను మీద, తల వెనక నడిమధ్యన చిన్న గుంట ఉంటే అదీ క్రిములు లోపలికి పోయే దారి కావచ్చు, అది ఉందేమో చూడడానికైతే పైసా ఖర్చు లేదు! రెండోసారి వచ్చిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష, చెవి ఎముకకు సీటీ, ఎంఆర్‌ఐ, ముక్కు నుంచి నీరు కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే నీరేనా అని తేల్చే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష ఉచితంగా చేయాలని ఆర్డర్ ఇవ్వండి.