భయపడేవాళ్ళని అంచు దగ్గరికి లాగొద్దు

ఎడిటర్ గారికి నమస్తే,

వైజాగ్ కైలాసగిరి మీద గాజు వంతెన వచ్చినప్పటినుంచి నా ఫోన్లో ఒకటే రకం వీడియోలు వస్తున్నాయండి. వంతెన మధ్యలో కూలబడిపోయి ఏడుస్తున్న మనిషిని చెయ్యి పట్టి లాగుతుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటారు. అవి చూస్తే నాకు కడుపులో తిప్పేస్తుంది, ఎందుకంటే నన్నూ అట్లాగే లాగారు.

పదో తరగతి సెలవుల్లో మదనపల్లె నుంచి చుట్టాలమందరం బెంగళూరు దగ్గరున్న నంది కొండకి వచ్చాం. అక్కడ టిప్పు డ్రాప్ అనే నిలువు కొండ అంచు దగ్గర మా పెద్దమ్మ కొడుకు వెనకనుంచి నా భుజాలు పట్టుకుని అంచు వరకు తోసుకెళ్ళి "చూడు, భయం పోతుంది" అన్నాడు. పోలేదు సరికదా, ఆ తర్వాత పాతికేళ్ళు తిరుమల ఘాట్ రోడ్డంతా తల దించుకుని గోవిందా గోవిందా అనుకుంటూనే వెళ్ళాను, బెంగళూరులో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు తప్ప అద్దెకి తీసుకోలేదు, మేడ మీద బట్టలు ఆరేసేది కూడా మా ఆయనే.

ఈ ఎత్తు భయం పిరికితనం కాదండి. 1960లో అమెరికాలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనేవాళ్ళు పాకే పిల్లల మీద చేసిన ప్రయోగం గురించి రాశారు, కింద లోతు కనిపించేలా గాజు పలక పెట్టి అవతల నుంచి తల్లితో పిలిపించారు, కదిలిన 27 మంది పిల్లల్లో ఆ లోతు వైపు గాజు మీదకి వచ్చింది ముగ్గురే. కన్నతల్లి పిలిచినా రాని పిల్లలున్నారు, మరి మనం పెద్దవాళ్ళని రెక్క పట్టి ఈడుస్తున్నాం.

2025 ఆగస్టులో మా బీటీఎం మీదుగా ఎల్లో లైన్ మెట్రో మొదలైంది. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, అందరూ మెట్రోలో వెళ్తుంటే నేను మాత్రం సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బస్సులోనే, ఎందుకంటే మా దగ్గర మెట్రో ఫ్లైఓవర్ కంటే కూడా పైన పోతుంది. చివరికి మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను (డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడారు), తర్వాత ఒక కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాను. పైకెళ్తే కళ్ళు తిరిగి పడిపోతానేమో అన్నదే నా అసలు భయం. రక్తం చూస్తే కొందరికి బీపీ పడిపోయి స్పృహ తప్పుతుంది గానీ ఎత్తు భయంలో గుండె దడతో పాటు బీపీ మామూలుగా పెరుగుతుందనీ, దగ్గర్లో కంటికి ఆనే వస్తువు లేకపోతే ఒళ్ళు కాస్త ఎక్కువ ఊగుతుందనీ, అదే మనకి తూలినట్టు అనిపిస్తుందనీ ఆవిడ ఓపిగ్గా చెప్పారు.

రోజూ సాయంత్రం మా బిల్డింగ్ మొదటి అంతస్తు మెట్ల దగ్గర నిలబడి భయానికి పదికి మార్కులు వేసుకుని, క్యాలెండర్లో తిథి కింద పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. "8 ఉన్నప్పుడు దిగొద్దు, 4 అయ్యాక దిగు" అన్నారావిడ, భయం ఎక్కువున్నప్పుడే దిగిపోతే దిగబట్టే బతికాం అని మనసుకి అలవాటైపోతుందంట. రెండో అంతస్తుకి రెండు వారాలు పట్టింది. మేడ పైకెళ్ళిన మొదటి రోజు పిట్టగోడ సున్నమంతా నా అరచేతులకి అంటింది, ఎదురుగా కొబ్బరిచెట్టు మొవ్వులో ఉడత ఒకటి తిరుగుతుంటే దాన్నే చూస్తూ నిలబడ్డా, 9 నుంచి 5కి రావడానికి నలభై నిమిషాలు. అంతసేపూ మా ఆయన రెండు మెట్లు కింద ఉన్నారు, ఒక్క మాట అనలేదు, రమ్మనలేదు, పొమ్మనలేదు. మందులా పనిచేసింది అదేనండి నాకు.

తర్వాత మెట్రో స్టేషన్ మెట్లు, ఆ తర్వాత ప్లాట్‌ఫాం, తర్వాత సిల్క్ బోర్డు వరకు ఒక్క స్టేషన్. ఇప్పుడు రోజూ మెట్రోలోనే ఆఫీసుకి, కిటికీ పక్కన నిలబడితే ఇంకా 3 వేస్తున్నా.

మీ ఆదివారం అనుబంధంలో ఈ భయం గురించి డాక్టర్ల చేత వివరంగా రాయించండి. ఆ వీడియోల్లో ఫొటోలు మాత్రం దయచేసి నవ్వులాటకి వెయ్యకండి.

టిప్పు డ్రాప్‌కి ఇంకా వెళ్ళలేదు నేను. వచ్చే నెల వెళ్తున్నాం, మా పెద్దమ్మ కొడుకూ వస్తానన్నాడు, వెనకాల కాదు పక్కన నిలబడమని ముందే చెప్పాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
బీటీఎం లేఅవుట్, బెంగళూరు